సొంతిల్లు కట్టుకునేవారికి ఆదాయపు పన్ను: పాఠకుల సందేహాలు

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. ఇంటి నిర్మాణానికి 2022 జూలైలో బ్యాంకు అప్పు తీసుకున్నాను. శ్లాబు పడింది, లోపలి పనులు మిగిలాయి. మార్చి 31లోగా గృహప్రవేశం చేసుకుంటే పన్ను బాగా తగ్గుతుందని తోటివారు అంటున్నారు. నా జీతం ఏడాదికి 14,40,000 రూపాయలు. పని తొందరగా ముగించమంటారా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: తొందరపడవద్దని నా సలహా. మీ తోటివారు చెప్పినది పాత పన్ను విధానానికి మాత్రమే వర్తిస్తుంది. ఆ విధానంలో, సొంతంగా ఉండే ఇంటి అప్పుపై వడ్డీకి ఏడాదికి 2,00,000 రూపాయల వరకు, తీర్చిన అసలుకు ఆదాయపు పన్ను చట్టం 80సి సెక్షను కింద ఇతర పొదుపులతో కలిపి 1,50,000 వరకు మినహాయింపు ఉంది. ఇల్లు పూర్తికాకముందు కట్టిన వడ్డీ కూడా వృథా పోదు. పూర్తయిన సంవత్సరం నుంచి ఐదు సమాన భాగాలుగా, అదే 2,00,000 పరిమితికి లోబడి, చూపుకోవచ్చు. అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోగా నిర్మాణం పూర్తి కావాలి కాబట్టి మీకు 2028 మార్చి 31 వరకు గడువుంది. గృహప్రవేశం చేసుకున్నంత మాత్రాన చాలదు, ఇల్లు పూర్తయినట్టు పురపాలక సంఘం పత్రం వంటి ఆధారం చేతిలో ఉండాలి.

ఇక లెక్క చూడండి. 2025-26 రేట్ల ప్రకారం కొత్త విధానంలో మీ జీతం నుంచి 75,000 ప్రామాణిక తగ్గింపు పోను, సెస్సుతో కలిపి పన్ను 88,140 రూపాయలు అవుతుంది. పాత విధానంలో 50,000 ప్రామాణిక తగ్గింపుతో పాటు వడ్డీకి 2,00,000, 80సి కింద 1,50,000 పూర్తిగా వాడుకున్నా పన్ను 1,29,480 రూపాయలు. మరో 1,80,000 మేర ఇతర మినహాయింపులు ఉంటే తప్ప పాత విధానం మీకు లాభం కాదు. జీతం 12,75,000 లోపున్న ఉద్యోగికైతే కొత్త విధానంలో పన్నే ఉండదు. గోడల పూతను తడపవలసినన్ని రోజులు తడపకుండా, మార్చి కోసమని రంగులు వేయించి, ఏడాది తిరగకుండానే పెచ్చులూడిన ఇళ్లను నేను చూశాను. మీ ఇంటికి ఆ గతి పట్టనివ్వకండి.

ప్రశ్న: 2018లో 10,00,000 రూపాయలకు కొన్న విజయనగరం శివారు ఇంటి స్థలాన్ని 2025 ఆగస్టులో, ఖర్చులు పోను, 30,00,000కు అమ్మి, ఆ డబ్బుతో బొబ్బిలిలో ఇల్లు కడుతున్నాను. ఉద్యోగం ఉంది, వేరే ఇల్లు లేదు. కొత్త విధానంలో ఏ మినహాయింపూ రాదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: నిజం కాదమ్మా. మీకు ఉపయోగపడేది, స్థలం వంటి ఆస్తిని అమ్మిన సొమ్ముతో ఇల్లు కట్టుకునేవారికి మినహాయింపునిచ్చే, 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 54ఎఫ్ సెక్షను. అది రెండు విధానాల్లోనూ వర్తిస్తుంది. మీ లాభం 20,00,000; దానిపై 12.5 శాతం చొప్పున, సెస్సుతో కలిపి, 2,60,000 పన్ను పడుతుంది. అమ్మిన సొమ్ము మొత్తాన్ని, లాభాన్ని మాత్రమే కాదు, ఇంటికి వెచ్చిస్తే ఆ పన్ను పూర్తిగా పోతుంది. 21,00,000 మాత్రమే వెచ్చిస్తే లాభంలో 14,00,000కే మినహాయింపు వచ్చి, మిగిలిన 6,00,000పై 78,000 కట్టాలి. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇల్లు అమ్మకం తేదీ నుంచి మూడేళ్లలో, అంటే 2028 ఆగస్టులోగా, పూర్తి కావాలి. రిటర్ను గడువు నాటికి ఖర్చుకాని సొమ్మును మామూలు పొదుపు ఖాతాలో ఉంచితే చెల్లదు. బ్యాంకులో మూలధన లాభాల ఖాతా తెరిచి అందులో వేసి, అక్కడి నుంచే నిర్మాణానికి తీయాలి. కొత్త ఇంటిని మూడేళ్లలోపు అమ్మితే మినహాయింపు రద్దవుతుంది. ఆధారాల విషయంలో మీరు మరింత శ్రద్ధ పెట్టాలి. మన జిల్లాల్లో మేస్త్రీకి శనివారం కూలి నగదుగా ఇచ్చి, అతని చిన్న నోటుపుస్తకంలో పెన్సిలుతో రాయించుకోవడం అలవాటు. ఆ పెన్సిలు రాతతో అధికారిని ఒప్పించడం కష్టం. సిమెంటు, ఇనుముకు మీ పేరున బిల్లులు తీసుకోండి, మేస్త్రీకి బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు రాయించుకోండి.

అమ్మినది సాగుభూమి అయి, విజయనగరం వంటి, జనాభా లక్ష దాటిన పట్టణపు హద్దు నుంచి తిన్నగా కొలిస్తే 6 కిలోమీటర్ల అవతల ఉంటే అసలు పన్నే పడేది కాదు. మీది ఇంటి స్థలం కనుక ఆ వీలు లేదు.

ప్రశ్న: సిమెంటుపై కట్టిన జీఎస్టీని ఇల్లు కట్టుకున్నవారు తిరిగి పొందవచ్చా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: పొందలేరు. సొంత నివాసానికి కట్టిన జీఎస్టీ నిర్మాణ వ్యయంలో భాగమే అవుతుంది. సిమెంటుపై ఆ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొన్నప్పుడు బిల్లులో ఆ రేటే వేశారో లేదో చూసుకోండి.