సున్నంలో, సిమెంటులో పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?

నీళ్ళు కరిగించడానికేనా, రసాయన చర్యలో తామూ పాల్గొంటాయా అని ఒకటి, స్లాబ్ వేశాక రోజూ ఎందుకు తడపాలని ఇంకొకటి అడిగారు. రెండింటికీ జవాబు ఒకటే. సున్నంతో మొదలుపెడితే తేలిగ్గా అర్థమవుతుంది.

కాల్చిన సున్నం అంటే కాల్షియం ఆక్సైడ్. నీళ్ళు తగిలితే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. లెక్క ప్రకారం కిలోకు 320 గ్రాముల నీళ్ళు ఆ కొత్త పదార్థంలో భాగమైపోతాయి, ఎండబెట్టినా బయటికి రావు. అప్పుడు పుట్టే వేడితో దాదాపు 4 లీటర్ల నీళ్ళు మరుగుతాయి. అందుకే ప్లాస్టిక్ బకెట్ వద్దు. ఇనుప డ్రమ్ములో ముందు సున్నానికి మూడింతల నీళ్ళు పోసి, అందులో సున్నం కొద్దికొద్దిగా వెయ్యండి. గడ్డల మీద నీళ్ళు కుమ్మరిస్తే భగ్గున ఆవిరి లేచి సున్నం కళ్ళలోకి చిమ్ముతుంది. కళ్ళను పూర్తిగా కప్పే రక్షణ కళ్ళద్దాలు లేకుండా ఈ పని చెయ్యొద్దు. ఎక్కువ కాలిన గడ్డలు నీళ్ళు ఆలస్యంగా పట్టుకుంటాయి. కొన్ని రోజులు నానబెట్టి వడకట్టకపోతే, గోడకు పూశాక అవి ఉబ్బి పెచ్చులు లేపుతాయి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ కూడా అంతే, నీటిని కలుపుకుని, తాను తయారైన జిప్సం ఖనిజంగా తిరిగి మారుతుంది.

ఇక సిమెంటు. ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. సిమెంటులోని కాల్షియం సిలికేట్లు నీటితో కలిసి, ఇసుకనూ కంకరనూ పట్టి ఉంచే జిగురుగా మారతాయి. 50 కిలోల బస్తా పూర్తిగా చర్య జరిపితే 11, 12 లీటర్ల నీళ్ళు అందులో బంధింపబడతాయి. ఇంకో 7 లీటర్లు ఆ జిగురు సందుల్లో చిక్కుకుంటాయి. కాబట్టి బస్తాకు 22 లీటర్లు చాలు. ఇసుక తడి కూడా ఇందులోనే లెక్క: 100 కిలోల ఇసుకలో 5 శాతం తడి ఉంటే 5 లీటర్లు అప్పుడే వచ్చేశాయి. పోయడం సులువని మేస్త్రీ ఇంకో బకెట్ కలిపితే, చర్యకు అక్కర్లేని ఆ నీళ్ళు ఆవిరై సన్నని రంధ్రాలు మిగులుతాయి. బలం తగ్గుతుంది, తేమ దిగి ఇనుము తుప్పు పడుతుంది. జారుగా కావాలంటే, నీళ్ళు పెంచకుండానే మిశ్రమాన్ని జారుగా చేసే ప్లాస్టిసైజర్ అనే రసాయనం వాడమనండి.

చర్య మాత్రం రోజుల తరబడి సాగుతుంది. లోపలి రంధ్రాల్లోని గాలి తేమ (సాపేక్ష ఆర్ద్రత) 80 శాతం కంటే తగ్గితే దాదాపు ఆగిపోతుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీకి (పోర్ట్‌లాండ్ పోజోలానా సిమెంటుకు), వేడిగా పొడిగా ఉండే వాతావరణంలో దేనికైనా 10 రోజులు తడి ఆరకూడదని కాంక్రీటుకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. స్లాబ్ మీద మడులు కట్టి నీళ్ళు నిలపండి, స్తంభాలకు గోనెపట్టా చుట్టి తడపండి. పొద్దున ఒకసారి పైపుతో నీళ్ళు కొట్టి వదిలేస్తే మే నెల ఎండకు మధ్యాహ్నానికే పైపొర ఆరిపోతుంది, ఆ పొర తర్వాత చెయ్యి రాస్తే పొడి రాలుతుంది.