డాక్టర్ సలహా: బరువులెత్తితే పిల్ల ఎత్తు పెరగదా?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్ళు, ఏడో తరగతి, బరువు 38 కిలోలు. రెండేళ్ళుగా షటిల్ ఆడుతోంది. వచ్చే నెల నుంచి వెయిట్స్ కూడా చేయిస్తామని కోచ్ అన్నారు. పిల్ల గిడసబారిపోతుందని, మగపిల్లాడిలా కండలొస్తాయని మా అత్తగారు ఒకటే గోల. పిల్లేమో వాళ్ళన్నయ్య డంబెల్స్ తీసి అప్పుడే ఎత్తేస్తోంది. ఈమధ్య మోకాలి కింద నొప్పి అని కూడా అంటోంది. పంపమంటారా, మానిపించమంటారా?
– ఒక తల్లి, అమలాపురం

సమాధానం: పంపండమ్మా. కానీ ముందు మోకాలి సంగతి తేల్చుకోండి. మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు గానీ నా కంట్లో పడింది అదే.

పిల్లను మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టండి. మోకాలి చిప్పకు కాస్త కిందుగా ఎముక బొడిపెలా తగులుతుంది. అక్కడ వేలితో నొక్కగానే చురుక్కుమని కాలు లాగేసుకుంటే, ఎక్కువగా అది ఆస్‌గుడ్ ష్లాటర్ అనే ఇబ్బంది అయి ఉంటుంది. పేరు చూసి టెన్షన్ పడకండి. ఈ వయసులో ఎముక గబగబా పొడుగవుతుంది, తొడ కండరం అంత తొందరగా సాగదు. గెంతినప్పుడల్లా ఆ కండరం ఇంకా పూర్తిగా గట్టిపడని ఎముకను లాగుతుంది, అదే నొప్పి. కొన్నాళ్ళు గెంతులు తగ్గించి, ఆట అయ్యాక ఐస్ పెట్టి, తొడ ముందుభాగం సాగదీసే వ్యాయామాలు చేయిస్తే సర్దుకుంటుంది. కుంటుతున్నా, రాత్రి నొప్పికి నిద్రలేస్తున్నా, వాపో జ్వరమో ఉన్నా మాత్రం ఆలస్యం చేయకండి. తుంటిలో తేడా ఉన్నా పిల్లలు ఒక్కోసారి మోకాలే చూపిస్తారు.

ఇక మీ అత్తగారి భయం. చిన్నప్పుడు కాలవ నుంచి బిందెతో నీళ్ళు తెచ్చేవారా అని ఆవిడని అడగండి. పది లీటర్ల నీళ్ళంటే పది కిలోలు, బిందె బరువు అదనం. అదీ వెయిట్ ట్రైనింగే, కాకపోతే నేర్పే కోచ్ లేడు. పద్ధతిగా చేసే బరువుల వ్యాయామం ఎత్తును ఆపుతుందనడానికి ఆధారం లేదు. వెయిట్ లిఫ్టర్లు పొట్టిగా కనిపిస్తారంటే, పొట్టివాళ్ళకు ఆ ఆట కలిసొస్తుంది కాబట్టి. కండల భయమూ అక్కర్లేదు. ఈ వయసులో కండ పెద్దగా పెరగదు, ఉన్న కండను నరాలు బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి, బలం అక్కడినుంచి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజూ కనీసం 60 నిమిషాల కదలిక, అందులో వారానికి మూడు రోజులైనా కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పని ఉండాలంటోంది.

అసలు అడగాల్సింది బరువులా కాదా అని కాదు, పక్కన ఎవరుంటారని. ఒక చిన్న పరీక్ష చెబుతాను. కుర్చీ ముందు నిలబెట్టి, చేతులు ముందుకు చాపి, నెమ్మదిగా కూర్చుని లేవమనండి. మోకాళ్ళు రెండూ లోపలికి వంగి దగ్గరకొస్తుంటే ఆ పిల్లకింకా బరువు ఇవ్వకూడదు. ముందు ఒంటి బరువుతోనే గుంజీలు, పుషప్స్, రబ్బరు బ్యాండ్లు. అవి శుభ్రంగా వచ్చాకే తేలిక బరువు. 8 నుంచి 15 సార్లు తేలిగ్గా ఎత్తగలిగేంతే, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. ‘ఎంత ఎత్తగలవో చూద్దాం’ అనే పందేలు ఈ వయసులో వద్దు. కోచ్ మొదటి రోజే బరువు చేతికిస్తే పిల్లను వెనక్కి తెచ్చేసుకోండి.

మీ ఊరి షటిల్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ స్మాష్ (షటిల్‌ను పైనుంచి కిందికి బలంగా కొట్టే దెబ్బ) వేగం గంటకు 565 కిలోమీటర్లని 2023లో గిన్నిస్ రికార్డు వచ్చింది కదా. అది విన్న పిల్లలంతా చేతుల బలం పెంచుకోవాలని చూస్తారు. కానీ స్మాష్ కాళ్ళలో మొదలై నడుము మీదుగా చేతికొస్తుంది. మీ అమ్మాయి డంబెల్స్ సరదాకి అదే కారణమేమో! ముందు వాటిని ఆమెకు అందకుండా పెట్టించండి. డంబెల్ వేళ్ళ మీద పడి దెబ్బతో నా దగ్గరికొచ్చిన పిల్లలున్నారు.

తిండి విషయంలో ప్రొటీన్ పౌడర్ అక్కర్లేదు. కిలో బరువుకు గ్రాము, బాగా ఆడే పిల్లలకు ఇంకాస్త ప్రొటీన్ సరిపోతుంది. రెండు గుడ్లలో 12 గ్రాములు, గ్లాసు పాలలో 6 గ్రాములు వస్తాయి, పప్పు, పెరుగు, చేపల కూర మిగతాది చూసుకుంటాయి. షటిల్ పక్కకు పోతుందని కోర్టులో ఫ్యాన్లు వేయరు, మన ఉక్కలో చెమట ఆరదు. నీళ్ళ సీసా పక్కనే ఉండాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. రాత్రి ట్యూషన్ అయి పదిన్నరకి పడుకుని తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తే ఆరు గంటలే నిద్ర. ఈ వయసుకి తొమ్మిదైనా కావాలి. మీ ఇంట్లో పద్ధతి అలాగే ఉంటే, వెయిట్స్ సంగతి తర్వాత, ముందు ట్యూషన్ టైము మార్పించండి.

ఈ వారంలోనే పిల్లను ఎముకల డాక్టర్‌కి చూపించండి. మూర్ఛ, గుండె జబ్బు, బీపీ లాంటివి ఎప్పుడైనా ఉండి ఉంటే ట్రైనింగ్‌కి ముందే చెప్పాలి. వెళ్ళేటప్పుడు ఆడే బూట్లు కూడా పట్టుకెళ్ళండి, మడమ ఏ పక్క అరిగిందో చూస్తారు.