జాబులు – జవాబులు: అరబ్బులు అమెరికాను కోరుకున్న కాలం

ప్రశ్న: అమెరికాకూ అరబ్బులకూ మధ్య ఉన్నది మొదటినుంచీ మత వైరమేనని మా కళాశాలలో ఒక వక్త చెప్పారు. ఇది ఎంతవరకు నిజం?
— ఒక డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: ఆ మాటకు చరిత్రలో ఆధారం లేదు. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్న మరుసటి ఏడాదే, 1777లో, ఆ దేశపు ఓడలు తన రేవుల్లోకి నిరభ్యంతరంగా రావచ్చునని ప్రకటించినవాడు మొరాకో సుల్తాను మూడో మహమ్మద్. 1786లో ఇరుదేశాలూ స్నేహ ఒప్పందం రాసుకున్నాయి. 1801 నుంచి 1805 వరకు ట్రిపోలీ (నేటి లిబియా)తో అమెరికా యుద్ధం చేసిన మాట వాస్తవమే కానీ, మధ్యధరా సముద్రంలో తమ ఓడల జోలికి రాకుండా ఉండడానికి ఎంత సొమ్ము చెల్లించాలన్న దగ్గర వచ్చిన తగాదా అది. అంతకుముందే ట్రిపోలీతో కుదిరిన ఒప్పందంలో, తమ ప్రభుత్వం క్రైస్తవ మతం పునాదిగా ఏర్పడినది కాదనీ, ముస్లిముల మతం పట్ల తమకు ఎటువంటి శత్రుత్వమూ లేదనీ రాసి ఉంది. అమెరికా సెనేట్ 1797లో దానిని ఏకగ్రీవంగా ఆమోదించింది. మత వైరమే మూలమని చెప్పేవారు ముందుగా ఈ ఒప్పందాన్ని చదవాలి.

ఆ తరువాత సుమారు వందేళ్లపాటు అరబ్బులు చూసిన అమెరికన్లు సైనికులు కారు. మిషనరీలు, ఉపాధ్యాయులు, వైద్యులు. మతం మార్చాలనే వారు వచ్చారు, ఆ పని మాత్రం అంతగా సాగలేదు. స్థానికులకు కావలసినవి బడి, వైద్యం, అచ్చుయంత్రం. ఆ మూడింటినీ వారు ఆదరించారు. 1866 డిసెంబరులో డేనియల్ బ్లిస్ ఆధ్వర్యంలో 16 మంది విద్యార్థులతో బీరూట్‌లో ఒక కళాశాల మొదలైంది. తొలి సంవత్సరాల్లో అక్కడ వైద్యశాస్త్రాన్ని కూడా అరబ్బీలోనే బోధించారు. కార్నేలియస్ వాన్ డైక్ వంటి అమెరికన్ ఆచార్యులు అరబ్బీలో పాఠ్యపుస్తకాలు రాశారు. (మాతృభాషలో వైద్యవిద్య సాధ్యమా అని మనం ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం.) 1882లో ఎడ్విన్ లూయిస్ అనే ఆచార్యుడు స్నాతకోత్సవ ప్రసంగంలో డార్విన్‌ను మెచ్చుకున్నందుకు యాజమాన్యం ఆయనను సాగనంపితే, అరబ్బు విద్యార్థులే ఆయన పక్షాన తరగతులు బహిష్కరించారు. వారిలో తరువాతి కాలంలో ప్రసిద్ధ అరబ్బీ రచయిత అయిన జుర్జీ జైదాన్ ఒకరు. ఆ కళాశాలే 1920లో బీరూట్ అమెరికన్ విశ్వవిద్యాలయం అయింది.

ఈ పరిచయం ఎంత గౌరవాన్ని సంపాదించిపెట్టిందో 1919లో బయటపడింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి, ఒట్టోమన్ సామ్రాజ్యం కూలిన తరువాత, సిరియా, పాలస్తీనా ప్రజలు ఎటువంటి పాలన కోరుకుంటున్నారో స్వయంగా అడిగి తెలుసుకుని రమ్మని అధ్యక్షుడు విల్సన్ ఇద్దరిని పంపాడు. ఒకరు ఓబర్లిన్ కళాశాల అధ్యక్షుడు హెన్రీ కింగ్, మరొకరు వ్యాపారి చార్లెస్ క్రేన్. తమ ప్రతినిధులను కూడా పంపుతామన్న బ్రిటన్, ఫ్రాన్స్ ఆఖరుకు తప్పుకున్నాయి. అప్పటికే ఆ భూములను రహస్యంగా పంచుకున్నవారికి ప్రజల మాటతో ఏం పని? కింగ్, క్రేన్ జూన్, జూలై నెలల్లో జాఫా నుంచి ఉత్తరంగా ఊరూరా తిరిగి, గ్రామపెద్దలను, మతాధికారులను, వర్తకులను కలిసి 1,863 విన్నపాలు స్వీకరించారు. అత్యధికులు అడిగింది సంపూర్ణ స్వాతంత్ర్యం, అఖండ సిరియా. ఎవరిదో ఒకరి సాయం తప్పనిసరి అయితే అమెరికాయే కావాలని దాదాపు 60 శాతం విన్నపాలు కోరాయి. డమాస్కస్‌లో సమావేశమైన సిరియా కాంగ్రెస్ ఫ్రాన్స్‌కు ఏ హక్కూ లేదని తేల్చిచెప్పి, అమెరికా రాకపోతే బ్రిటన్ అని తీర్మానించింది. పాలస్తీనాను యూదు రాజ్యంగా మార్చే ప్రయత్నానికి 72 శాతం విన్నపాలు అడ్డుచెప్పాయి. ఆయుధబలం లేకుండా ఆ పని జరగదని బ్రిటిష్ అధికారులే తమతో అన్నారని కింగ్, క్రేన్ తమ నివేదికలో రాశారు.

ఆ నివేదికను ఎవరూ పట్టించుకోలేదు. విల్సన్ పక్షవాతంతో మంచం పట్టాడు, సెనేట్ నానాజాతి సమితిలో చేరడానికి నిరాకరించింది, 1920 జూలైలో ఫ్రెంచి సేనలు మైసలూన్ వద్ద అరబ్బు సైన్యాన్ని ఓడించి డమాస్కస్‌ను ఆక్రమించాయి. నివేదిక ప్రజలకు తెలిసేసరికి 1922 ముగియవచ్చింది. ఒక జాతిని నీ కోరిక ఏమిటని అడిగి, వారు చెప్పినదానిని అలమరలో దాచిపెట్టడం కంటే అసలు అడగకపోవడమే నయమని నా అభిప్రాయం. మీరు అడిగిన వైరానికి పునాది ఇక్కడ పడిందని నేను భావిస్తాను.

ప్రశ్న: ఇజ్రాయెల్‌కు అండగా నిలిచిన అమెరికాకే సౌదీ అరేబియా చమురును అప్పగించింది కదా, ఈ రెండూ ఎలా పొసిగాయి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పొసగవని ముందే తెలిసి కూడా రెండింటినీ కలిపి నడిపించారు. 1933లో కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి సౌదీ రాజు ఇబ్న్ సౌద్ తవ్వకాల హక్కులు ఇచ్చాడు. 1938 మార్చిలో దమ్మామ్‌లోని 7వ బావి నుంచి చమురు పుష్కలంగా వచ్చింది. ఈ బంధం రాజ్యాల మధ్య ఒడంబడికగా ముదిరింది మాత్రం 1945 ఫిబ్రవరి 14న, సూయెజ్ కాలువలోని గ్రేట్ బిట్టర్ సరస్సులో లంగరు వేసిన క్విన్సీ అనే అమెరికన్ యుద్ధనౌక మీద, రాజు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను కలుసుకున్నప్పుడు.

ఆ కలయికను కొంచెం వివరంగా చెప్పుకోవాలి. జెడ్డా నుంచి రాజును తీసుకొచ్చిన మర్ఫీ అనే మరో యుద్ధనౌక డెక్కు మీద ఆయన కోసం గుడారం వేశారు, తివాచీలు పరిచారు, భోజనానికి గొర్రెలను కూడా వెంట తెచ్చుకున్నారు. రాజు ఎదుట పొగతాగడం అమర్యాద అని తెలిసిన రూజ్‌వెల్ట్, ఆయన సమక్షంలో ఉన్నంతసేపూ సిగరెట్టు ముట్టలేదు. రాజుకు కాళ్లు సరిగా సహకరించడం లేదని తెలిసి, తన దగ్గరున్న చక్రాల కుర్చీల్లో ఒకదానిని బహూకరించాడు. ఇద్దరి మధ్య దుబాసీగా ఉన్నవాడు విలియం ఎడ్డీ. మిషనరీల బిడ్డగా నేటి లెబనాన్‌లోని సిడాన్‌లో పుట్టి పెరిగిన ఈ అమెరికన్‌కు అరబ్బీ చిన్ననాటి నుంచీ వచ్చిన భాష.

ఐరోపాలో చావు తప్పించుకున్న యూదులకు పాలస్తీనాలో చోటివ్వడం గురించి రూజ్‌వెల్ట్ ప్రస్తావించాడు. యూదులను చంపింది జర్మన్లు కనుక పరిహారం కూడా జర్మనీ భూముల్లోనే ఇవ్వాలి, ఏ పాపమూ ఎరుగని అరబ్బుల భూమి ఎందుకు ఇవ్వాలన్నది రాజు జవాబు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ సూటిగా సమాధానం చెప్పలేదు. అరబ్బులకు హాని చేసే పని ఏదీ చేయనని రూజ్‌వెల్ట్ మాట ఇచ్చి, ఏప్రిల్ 5న దానిని ఉత్తరంలో మళ్లీ ధ్రువపరిచాడు. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 12న ఆయన కన్నుమూశాడు.

ఆయన తరువాత అధ్యక్షుడైన ట్రూమన్ ఆ మాటకు కట్టుబడలేదు. 1947 నవంబరులో పాలస్తీనా విభజన తీర్మానం ఐక్యరాజ్యసమితిలో నెగ్గడానికి అమెరికా తన పలుకుబడిని వాడింది. భారతదేశం దానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. 1948 మే 14న ఇజ్రాయెల్ ప్రకటన వెలువడిన 11 నిమిషాలకే, తన విదేశాంగ మంత్రి మార్షల్ వద్దని వాదించినా, ట్రూమన్ గుర్తింపు ఇచ్చాడు. ఇజ్రాయెల్ ఏర్పాటు చుట్టూ జరిగిన యుద్ధంలో సుమారు 7 లక్షల మంది పాలస్తీనియన్లు ఇళ్లు వాకిళ్లు కోల్పోయారు. ఎడ్డీ అప్పటికే, 1947లో, ఈ విధానం నచ్చక ప్రభుత్వ కొలువు వదిలేసి, సౌదీలోని అమెరికన్ చమురు సంస్థ ఆరామ్‌కోలో సలహాదారుగా చేరాడు.

అమెరికా ప్రతిసారీ అరబ్బుల మీదికే వెళ్లిందనడం కూడా అన్యాయమే అవుతుంది. 1956లో అస్వాన్ ఆనకట్టకు ఇస్తానన్న సాయాన్ని అమెరికా వెనక్కి తీసుకోవడంతో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయెజ్ కాలువను జాతీయం చేశాడు. దానిమీద బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి ఈజిప్టుపై దాడి చేసినప్పుడు, ఆ మూడింటినీ వెనక్కి మళ్లించింది అధ్యక్షుడు ఐజన్‌హోవరే. ఆ మంచిపేరు ఇజ్రాయెల్‌కూ అరబ్బు దేశాలకూ మధ్య జరిగిన 1967 యుద్ధంతో చెల్లిపోయింది. 1973లో మళ్లీ యుద్ధం వచ్చి ఇజ్రాయెల్‌కు అమెరికా విమానాల్లో ఆయుధాలు చేరవేయగా, అరబ్బు దేశాలు చమురు సరఫరా ఆపేశాయి; పీపా ధర కొద్ది నెలల్లోనే నాలుగింతలకు చేరుకుంది. సౌదీ రాజ్యం మాత్రం ఆ తరువాత కూడా అమెరికా అండను వదులుకోలేదు. ఇక్కడ పాలకుల లెక్క వేరు, ప్రజల మనసు వేరు.

ప్రశ్న: మావారు కువైట్‌లో పనిచేస్తారు. అక్కడివారు అమెరికాను మెచ్చుకుంటారని, తోటి కార్మికులైన ఇతర అరబ్బులు తిడతారని చెబుతారు. ఎందుకీ తేడా?
— ఒక పాఠకురాలు, రాజంపేట

జవాబు: అమ్మా, మీ వారు గమనించినది సరైనదే. అరబ్బులు ఒక భాష మాట్లాడినా ఒక దేశం కారు. ఒక్కొక్కరి అనుభవం ఒక్కొక్కటి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. ఆ రోజుల్లో మీ జిల్లాలో పెద్దవారైన వారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశం చేరిన లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయుల్లో మన తెలుగువారు కూడా ఎందరో ఉన్నారు. 1991 ఫిబ్రవరిలో అమెరికా నాయకత్వంలోని సేనలు ఇరాక్‌ను వెళ్లగొట్టాయి, వాటిలో ఈజిప్టు, సిరియా, సౌదీ దళాలు కూడా ఉన్నాయి. పోయిన దేశాన్ని తిరిగి పొందిన కువైటీలు కృతజ్ఞతతో ఉండడం సహజం. అదే అమెరికా 2003లో, లేని సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని చెప్పి ఇరాక్ మీదికి వెళ్లింది. దశాబ్దానికి పైగా ఆంక్షలు, ఆపైన యుద్ధం అనుభవించిన ఇరాకీని, ఇల్లు పోగొట్టుకున్న పాలస్తీనియన్‌ను కువైటీలాగే మాట్లాడమని మనం అడగలేం.

ప్రశ్న: అమెరికాలోని అరబ్బులందరూ ఇటీవల వలస వెళ్లిన ముస్లిములేనా?
— ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కారు. 19వ శతాబ్దం చివర్లో లెబనాన్ కొండలనుంచి వెళ్లిన తొలితరంలో అత్యధికులు క్రైస్తవులు. న్యూయార్క్‌లో వాషింగ్టన్ వీధి వారి పేట. అక్కడ అరబ్బీ పత్రికలు అచ్చయ్యేవి, అక్కడినుంచి మూటలు భుజాన వేసుకుని దేశమంతా తిరిగి సరుకులు అమ్మేవారు. కాళోజీ తెలుగు చేయడం వల్ల మనకూ దగ్గరైన ఖలీల్ జిబ్రాన్ ఆ తరం వాడే. 1895లో తల్లితో బాస్టన్ చేరాడు. 1920లో ఆయన, మిఖాయిల్ నుఐమీ మొదలైనవారు న్యూయార్క్‌లో నడిపిన కలం సంఘం, ఆధునిక అరబ్బీ కవిత్వాన్నే మార్చింది. ఆ వీధిలో చాలా భాగాన్ని 1940లలో బ్రూక్లిన్ సొరంగ మార్గం కోసం పడగొట్టారు. మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ కర్మాగారం పనికి పిలవగా వెళ్లిన ముస్లిముల వారసులు ఇప్పటికీ ఉన్నారు.

చట్టం దృష్టిలో వారి స్థితి విచిత్రంగా ఉండేది. అప్పట్లో పౌరసత్వం శ్వేతజాతీయులకూ ఆఫ్రికా సంతతికీ మాత్రమే దక్కేది. 1915లో ఒక సిరియన్ (లెబనాన్ నుంచి వెళ్లినవారిని కూడా అప్పట్లో ఇలాగే పిలిచేవారు) వేసిన దావాలో అప్పీలు కోర్టు సిరియన్లు శ్వేతజాతీయులేనని తీర్పు చెప్పింది. 1923లో భగత్‌సింగ్ థింద్ అనే భారతీయుడి దావాలో సుప్రీంకోర్టు భారతీయులు కారని చెప్పింది. ఆ తీర్పుతో మనవాళ్లలో ఎందరో అప్పటికే వచ్చిన పౌరసత్వాన్ని పోగొట్టుకున్నారు. అరబ్బులు మాత్రం కాగితాల మీద తెల్లవారిగానే ఉండి, విమానాశ్రయంలో వేరుగా నిలబడవలసిన స్థితి 2001 సెప్టెంబరు 11 తరువాత మరీ బాధాకరమైంది. తమకు ప్రత్యేక గణన కావాలని వారు దశాబ్దాలుగా అడుగుతుండగా, 2024 మార్చిలో ప్రభుత్వ పత్రాల్లో మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా సంతతికి వేరే గడి చేర్చాలని అమెరికా ప్రభుత్వం నిర్ణయించింది.