పాటల పెట్టె: డిసెంబరు నాలుగు

ప్రశ్న: డిసెంబరు 4 ఘంటసాల గారి పుట్టినరోజు. మా ఊళ్ళో ఏటా పాటల పోటీ పెడతాం. ఈసారి నన్ను ‘ఇదే తేదీన ప్రపంచ సంగీతంలో ఇంకేం జరిగింది’ అని ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. చెప్పడానికి ఏమైనా ఉందా? లేక ఇద్దరు ముగ్గురి పుట్టినరోజులు చదివి దిగిపోనా?
– కె.వి., గుడివాడ

జవాబు: అంత తొందరగా దిగొద్దు. మీకు ఐదు నిమిషాలు చాలవు. ఘంటసాల గారు పుట్టిన చౌటపల్లి గురించి గుడివాడ వాళ్ళకి నేను చెబితే తాతకు దగ్గులు నేర్పినట్టుంటుంది. 1922లో పుట్టిన ఆ కుర్రాడు విజయనగరం వెళ్ళి, జోలె భుజాన వేసుకుని, మధుకరం ఎత్తుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర సంగీతం నేర్చుకున్న సంగతి మీ పోటీలో ఎవరో ఒకరు ఎలాగూ చెబుతారు. మీరు మాత్రం మెంఫిస్ వెళ్ళండి.

1956 డిసెంబరు 4, మంగళవారం. ఇక్కడ మన మాస్టారికి 34 నిండిన రోజు. అక్కడ అమెరికాలో, టెనెసీ రాష్ట్రం మెంఫిస్ ఊళ్ళో, యూనియన్ అవెన్యూ 706 నంబరులో సన్ అనే చిన్న రికార్డింగ్ స్టూడియో. కార్ల్ పెర్కిన్స్ అనే గాయకుడు తన అన్నదమ్ములతో కలిసి పాట రికార్డు చేసుకుంటున్నాడు. ఆ ఏడాది మొదట్లో అతని పాట దేశమంతా మోగింది. మార్చిలో, టీవీ కార్యక్రమానికి న్యూయార్క్ వెళ్తుండగా కారు ప్రమాదమైంది. అతను ఆసుపత్రిలో మంచం మీద ఉంటే అదే పాటను ఎల్విస్ ప్రెస్లీ టీవీలో పాడాడు. డిసెంబరులో పెర్కిన్స్ మళ్ళీ నిలదొక్కుకునే ప్రయత్నంలో ఉన్నాడు. పియానో కోసం స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ ఒక కొత్త కుర్రాడిని కూర్చోబెట్టాడు. వాడి పేరు జెర్రీ లీ లూయిస్, 21 ఏళ్ళు. మొదటి రికార్డు అప్పుడే బయటికొచ్చింది, ఊరు దాటితే ఎవరికీ తెలియదు.

అప్పుడు ఎల్విస్ తలుపు తోసుకుని వచ్చాడు. వాడికీ 21 ఏళ్ళే. కానీ అప్పటికే మహా స్టార్. అంతకు ఏడాది ముందు ఇదే ఫిలిప్స్ అతని కాంట్రాక్టును 35 వేల డాలర్లకు ఆర్‌సీఏ కంపెనీకి అమ్మేశాడు. అంటే పాత యజమాని దగ్గరికి ఊరికే పలకరింపుగా వచ్చాడన్నమాట. జానీ క్యాష్ అనే మరో గాయకుడు కూడా అక్కడే ఉన్నాడు. ఎల్విస్ వెళ్ళి పియానో ముందు కూర్చున్నాడు, మిగతావాళ్ళు చుట్టూ చేరారు. ఇక పాటలే పాటలు.

ఏం పాడారో తెలుసా? ఎక్కువగా చర్చి పాటలు! రాక్ అండ్ రోల్ కుర్రాళ్ళు నలుగురు కూడితే ఏదో గోల చేసుంటారని నేననుకున్నాను. మన పల్లెల్లో రామభజనకు కూర్చున్నట్టు, ఒకడు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవడం, సగంలో ఆపేయడం, ఇంకోటి మొదలెట్టడం. అందరికీ చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన పాటలవి.

మధ్యలో ఎల్విస్ ఒక కబురు చెబుతాడు. నాకు ఆ టేపు మొత్తంలో అదే ఇష్టం. లాస్ వేగాస్‌లో ఒక గాయకుడిని చూశాడట. ఎల్విస్ సొంత పాటనే ఎల్విస్ కంటే బాగా పాడుతున్నాడట. ‘నాకంటే వాడే నయం’ అన్నట్టు నవ్వుకుంటూ, వాడు ఎలా పాడాడో పాడి చూపిస్తాడు. పేరు మాత్రం ఎల్విస్‌కు తెలియదు. తర్వాత పెద్ద గాయకుడైన జాకీ విల్సన్ అతనే. మన దగ్గర ఒక స్టార్ ఇంకొకడి గురించి ఇలా అనడం నేనైతే వినలేదు.

ఇదంతా మనకు ఎలా తెలిసిందంటే, ఇంజనీరు గదిలో ఉన్న జాక్ క్లెమెంట్ టేపు ఆపలేదు. ఎవరూ చెప్పలేదు, ఎవరికీ డబ్బులు రావు, అందులో ఒకడు వేరే కంపెనీ మనిషి. అయినా తిరగనిచ్చాడు. ఫిలిప్స్ మాత్రం అసలైన వ్యాపారి. వెంటనే స్థానిక పత్రికకు ఫోన్ కొట్టాడు. విలేకరి, ఫొటోగ్రాఫరు వచ్చారు. మర్నాడు ‘మిలియన్ డాలర్ క్వార్టెట్’ అనే పేరుతో వార్త పడింది, మన భాషలో పది లక్షల డాలర్ల నలుగురు. ఆ ఫొటోలో పియానో మీద ఒక అమ్మాయి కూడా కూర్చుని ఉంటుంది, ఎల్విస్‌తో వచ్చిన స్నేహితురాలు. చాలాచోట్ల ఆమెను కత్తిరించి వేస్తారు పాపం. ఇక ఆ టేపు కొట్లోకి వచ్చింది 1981లో, అదీ కొంత భాగమే. పాతికేళ్ళు డబ్బాలో పడి ఉంది.

ప్రశ్న: ఆ నలుగురిలో జానీ క్యాష్ గొంతు ఎంత వెతికినా వినబడదు. ఫొటోకి నిలబడి వెళ్ళిపోయాడా?
– ఎస్., సికింద్రాబాద్

జవాబు: ఈ తగాదా చాలా పాతది. క్యాష్ మాత్రం తన ఆత్మకథలో ‘నేను మొదటి నుంచీ ఉన్నాను, మైకుకు దూరంగా నిలబడ్డాను, ఎల్విస్ శ్రుతికి కలవడానికి నా మామూలు స్థాయి కంటే పైన పాడాను’ అని రాసుకున్నాడు. నేను చాలాసార్లు విన్నాను. నాకూ వినబడలేదు. మనిషి చెప్పాడు కాబట్టి ఒప్పుకుందాం.

ప్రశ్న: గిటార్ క్లాసులో మా సారు మొదటి రోజే ‘స్మోక్ ఆన్ ద వాటర్’ నేర్పించారు. అది నిజంగా జరిగిన అగ్నిప్రమాదం మీద రాసిన పాటని చెప్పారు. నిజమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అక్షరాలా నిజం బాబూ. అదీ డిసెంబరు 4నే! 1971, శనివారం. స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున మాంట్రో అనే ఊళ్ళో ఒక క్యాసినో. అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా బృందం కచేరీ జరుగుతోంది. జనంలో ఎవడో ఫ్లేర్ గన్ పేల్చాడు. అంటే ఓడల వాళ్ళు ఆకాశంలోకి నిప్పురవ్వ వదిలే తుపాకీ. పైకప్పుకు పేము అల్లిక ఉంది, అంటుకుంది. మీ సారు నేర్పిన పాట కట్టిన ఇంగ్లండ్ రాక్ బృందం డీప్ పర్పుల్ వాళ్ళు అక్కడే ప్రేక్షకుల్లో ఉన్నారు. జాపా కచేరీతో క్యాసినో సీజన్ అయిపోతే, ఆ హాలులోనే తమ ఆల్బమ్ రికార్డు చేసుకోవాలని ఒక సంచార స్టూడియో లారీని కూడా తెప్పించుకున్నారు. హాలు బూడిదైంది. ప్రాణనష్టం లేదు. మాంట్రో జాజ్ ఉత్సవం నడిపే క్లాడ్ నాబ్స్ లోపలికీ బయటికీ పరుగెడుతూ పిల్లల్ని బయటికి లాగాడు. పాటలో ఆయన పేరు కూడా ఉంది.

సరస్సు మీద పొగ పరుచుకోవడం వాళ్ళు హోటల్ నుంచి చూశారు. కొన్నాళ్ళకు బాస్ వాయించే రోజర్ గ్లోవర్ పొద్దున్నే నిద్ర లేస్తూ ఆ మాట అన్నాడట, ‘నీళ్ళ మీద పొగ’ అని. అదే పల్లవి అయింది. వాయిద్యాల భాగం ఊళ్ళోని ఒక పాత థియేటర్లో అర్ధరాత్రి రికార్డు చేశారు. చుట్టుపక్కల వాళ్ళు నిద్ర పట్టక పోలీసుల్ని పిలిచారు. పోలీసులు తలుపు బాదుతుంటే వీళ్ళ సిబ్బంది లోపలి నుంచి తలుపు పట్టుకుని నిలబడ్డారు, టేక్ అయ్యేదాకా! మిగతా ఆల్బమ్ చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ వరండాల్లో, పరుపులు అడ్డంపెట్టి చేశారు. తమాషా ఏమంటే, ఆ పాట ఆడుతుందని వాళ్ళూ అనుకోలేదు. ముందు వేరే పాటను వదిలారు.

ఇంకో సంగతి. మీ సారు పిక్‌తో, అంటే తీగలు మీటే చిన్న బిళ్ళతో, వాయిస్తుంటే మర్యాదగా చెప్పు. ఆ బృందం గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ఆ రెండు తీగల్ని వేళ్ళతోనే లాగుతాడు.

ప్రశ్న: ఆ జాపా తర్వాత ఏమయ్యాడు?
– అదే విద్యార్థి

జవాబు: వాద్యాలన్నీ ఆ మంటల్లో పోయాయి. ఆరు రోజులకు లండన్‌లో కచేరీ చేస్తుంటే ఒకడు వేదిక మీదికెక్కి కిందికి తోసేశాడు, చాలా దెబ్బలు తగిలాయి, నెలల తరబడి చక్రాల కుర్చీలో ఉన్నాడు. 1993లో 52 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయాడు. తేదీ డిసెంబరు 4. అదీ శనివారమే.

ప్రశ్న: ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ విడిపోయింది కూడా డిసెంబరు 4నేనా?
– ఆర్., ఖమ్మం

జవాబు: అవును, 1980. డ్రమ్మర్ జాన్ బోనమ్ సెప్టెంబరులో చనిపోయాడు. అతను లేకుండా సాగలేమని చిన్న ప్రకటన ఇచ్చి ఆపేశారు. నాలుగు రోజులకే బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్య జరిగింది, ప్రపంచమంతా అటు తిరిగింది.

ప్రశ్న: ఒకే తేదీన ఇన్ని జరిగితే గ్రహబలం కాదా? మీరు విజయవాడలో క్యాసెట్ల షాపు నడిపారని రాశారు. మీ షాపులో ఇలా గుర్తుండిపోయిన తేదీ ఏదైనా ఉందా?
– పేరు వద్దన్నారు, రాజమండ్రి

జవాబు: ఏ తేదీ తవ్వినా ఇన్నీ దొరుకుతాయండీ. జాపా సంగతి ఒక్కటే నాకూ కాస్త ఒళ్ళు జలదరించింది, అంతే.

మా షాపు గాంధీనగర్‌లో ఓ సందులో ఉండేది. రెండు డెక్కులు, ఒక స్టూలు. తేదీ గుర్తులేదు గానీ రోజులు గుర్తున్నాయి. అయ్యప్ప మాలల సీజన్, కార్తికం చివర. అయ్యప్ప పాటలు ఎక్కించమని కుర్చీ మీద క్యాసెట్లు గుట్టగా పోశారు. ఆ హడావిడిలో ఒక పెద్దాయన సోనీ 90 ఇచ్చి, రెండో పక్క ఖాళీగానే ఉంటుంది, ఘంటసాల భగవద్గీత ఎక్కించమన్నారు. క్యాసెట్ పైఅంచున రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. దాచుకోవాలనుకున్న పక్క ముక్కను విరగ్గొడితే ఇక దాని మీద రికార్డు పడదు. ఆయన ఏదీ విరగ్గొట్టలేదు. నేను ఏ పక్కనో చూడకుండా పెట్టేశాను. నేను పెట్టిన పక్కనే ఆయన భార్య పాడిన పెళ్ళిపాటలు ఉన్నాయి.

ఆయన సాయంత్రం వచ్చి కౌంటరు దగ్గరే పెట్టించుకుని విన్నారు. మొదటి శ్లోకం రాగానే చెయ్యెత్తి ఆపమన్నారు. తిప్పి రెండో పక్క పెట్టమన్నారు. అది ఖాళీ. కాసేపు ఆ గరగర వింటూ నిలబడ్డారు. తర్వాత జేబులోంచి డబ్బులు తీశారు. వద్దన్నాను. పెట్టేసి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఎవరు క్యాసెట్ ఇచ్చినా ముందు రెండు పక్కలా ఐదేసి నిమిషాలు విన్నాకే ఎర్ర బటన్ నొక్కేవాణ్ణి. అయ్యప్ప సీజన్‌లో దానివల్ల బేరాలు పోయాయి.