గోడ రంగు గురించి మేనకోడలికి

విజయనగరం

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో మీ కొత్త ఇంటికి లేత గోధుమ రంగు ఖాయం చేశావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. రంగు మంచిదే. షేడ్ కార్డును మాత్రం నమ్మకు.

కిందటేడు మా ముందు గదికి అలాంటిదే వేయించాను. కార్డులో మీగడలా ఉంది. గోడ ఎక్కి, సాయంత్రం ట్యూబులైటు వెలగగానే పేడ రంగు తేలింది. మీ అత్తయ్య అప్పటి నుంచి సాయంత్రం కాఫీ వంటింట్లోనే తాగుతోంది. మేస్త్రిని తిట్టుకున్నాను గానీ, పాపం, అతని తప్పేమీ లేదు. ఆ రంగు అడుగున ఆకుపచ్చ ఛాయ ఉంది. పగలు కిటికీ ముందు జామచెట్టు ఆకుల మీదుగా వచ్చే వెలుతురు, రాత్రి తెల్లటి లైటు, రెండూ కలిసి దాన్ని పైకి లాగాయి.

ఈ జాతి రంగులన్నీ లోపల మరో రంగును దాచుకుంటాయి: పసుపో, గులాబీయో, ఆకుపచ్చో. విడిగా చూస్తే తెలియదు. అద్దకమూ చలువా లేని పొందూరు ఖద్దరు పంచె ఒక్కదాన్నే చూస్తే తెల్లగానే అనిపిస్తుంది. మిల్లు పంచె పక్కన పరిచి చూడు, తేనె చుక్క కలిపినట్టు ఉంటుంది. అలాగే నువ్వు ఎంచిన రంగు పక్కన తెల్ల కాగితం పెట్టు, గుట్టు బయటపడుతుంది.

ముందు చిన్న డబ్బా తెప్పించి, ప్రైమర్ మీద రెండడుగుల చదరంలో రెండు కోటింగులు వేయించు. ఒకటి కిటికీకి ఎదురు గోడ మీద, మరొకటి కిటికీ ఉన్న గోడ మీదే. తడి మీద తీర్పు చెప్పకు. ఆరాక ఉదయం, మధ్యాహ్నం, దీపాలు పెట్టాక చూడు. అసలు బల్బులు ముందు ఎంచుకోవాలి. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటే నీలిపాటి తెలుపు, 3000 అని ఉంటే పసుపుపాటి వెలుగు. గోధుమ రంగుకు రెండోదే నప్పుతుంది.

మీ టేకు తలుపుల పక్కన పసుపు ఎక్కువైన క్రీము మాత్రం వద్దు. గదికి కామెర్లు వచ్చినట్టు ఉంటుంది. పైకప్పుకు మల్లెపూవు తెలుపు కూడా వద్దు. మా చిన్నప్పుడు తెల్లదనం కోసం సున్నంలో నీలిమందు కలిపేవారు. ఆ నీలి తెలుపు పక్కన గోధుమ రంగు మాసిన గుడ్డలా కనిపిస్తుంది. గోడ రంగునే బాగా పలచన చేయించి పైన వేయించు.

చెమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. 2018లో తిత్లీ తుపాను చూసిన జిల్లా మీది. గోడలో ఎక్కడైనా నీరు ఊరుతుంటే ముందు అది బాగు చేయించు, లేత రంగు మీద మరక దాగదు. కొత్త సిమెంటు పూత కనీసం నాలుగు వారాలైనా ఆరాలి, మేస్త్రి ఎంత తొందర పెట్టినా. ఒక గదికి కావలసిన డబ్బాలన్నీ ఒకేసారి కలిపించు. తర్వాత తెచ్చినది కాస్త తేడాగా వస్తే గోడ మధ్యలో అతుకు కనిపిస్తుంది.

పైడితల్లి సిరిమానోత్సవానికి ఎలాగూ వస్తారుగా. మీకు నచ్చిన రంగు అట్టముక్క మీద వేసి, ఆరబెట్టి, వెంట తీసుకురా. షేడ్ నంబరు వెనక రాసిపెట్టు. మీ అత్తయ్య దాన్ని మా ముందు గదిలో ట్యూబులైటు కింద పెట్టి చూడాలి.

మీ మామయ్య