అమ్ములూ, కాన్సాస్‌లో దిగగానే ముందు ఆ ఊరి పేపర్ వేయించుకో

అమ్ములూ,

డాక్టరు ట్రైనింగ్ రెసిడెన్సీ అయిపోయి, జే-1 వేవర్ (డాక్టర్లు తక్కువున్న ఊళ్ళో పనిచేస్తే ఇండియాకి తిరిగి వెళ్ళాలనే వీసా షరతు మాఫీ చేస్తారే, అది) మీద కాన్సాస్‌లో ఉద్యోగం ఖాయమైందని అక్క ఫోన్ చేసి చెప్పింది, మీ బాబాయికీ నాకూ ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను తల్లీ. మూడేళ్ళు ఆ ఊళ్ళోనే చెయ్యాలంట కదా, రెండు వేల మంది కూడా ఉండరంట, అల్లుడుగారు ఇంట్లోంచే పని చేసుకుంటారంట. కారు గురించి, మంచు గురించి, ఇండియన్ షాపు ఎంత దూరం అనే దాని గురించి నీకు ఈపాటికి అందరూ చెప్పేసి ఉంటారు, అవన్నీ నువ్వే చూసుకోగలవు, విచిటా సిటీకి వెళ్ళినప్పుడల్లా డిక్కీ నిండా బియ్యం కందిపప్పు తెచ్చుకోవడం, ఒక ఫ్రీజర్ ఎక్స్‌ట్రా కొనుక్కోవడం, అంతే, అదేం పెద్ద విషయం కాదు.

ఇక్కడ ఇన్నేళ్ళు కాపురం చేసిన దాన్ని కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. దిగిన మొదటి వారంలోనే ఆ ఊరి వీక్లీ పేపర్ వేయించుకో. ఫోన్లో చదువుకునేది కాదు, కాయితం పేపరే, పోస్టులో వస్తుంది, మామూలుగా బుధవారమో గురువారమో వస్తుంది, పన్నెండో పదహారో పేజీలుంటుంది. వచ్చిన రోజు రాత్రి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువు, మొదట్లో ఒక్క పేరూ తెలీదు, ఇదంతా నాకెందుకు అనిపిస్తుంది, అయినా చదువు. నువ్వు డాక్టరువి కాబట్టి ఊరికి నువ్వు రెండో రోజే తెలిసిపోతావు, గ్యాస్ స్టేషన్లో కాఫీ తాగే పెద్దాయన కూడా నిన్ను గుర్తుపడతాడు. నీకు వాళ్ళు తెలియాలంటే మాత్రం ఆ పేపరే దారి.

ముందు పోయినవాళ్ళ పేజీ చదువు. అశుభం అనుకోకు. అక్కడ ఒక మనిషి గురించి ఎక్కడ పుట్టారు, ఏ స్కూల్లో ఏ సంవత్సరం గ్రాడ్యుయేట్ అయ్యారు, కొరియా యుద్ధానికి వెళ్ళొచ్చారా, ఊరికి ఏ వైపు వ్యవసాయం చేశారు, ఏ చర్చికి వెళ్ళేవాళ్ళు, కొడుకులు కూతుళ్ళు మనవలు ఏ ఏ ఊళ్ళల్లో ఉన్నారు, పూల బదులు డబ్బులు ఇవ్వాలనుకుంటే ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఇవ్వాలా లైబ్రరీకి ఇవ్వాలా, అన్నీ ఉంటాయి. ఓ ఆరు నెలలు చదివావంటే మీ క్లినిక్ రిసెప్షన్లో అమ్మాయి బ్యాంకులో పనిచేసే ఆవిడకి మేనకోడలని, స్కూల్ బస్సు నడిపే ఆయన మేయర్ గారికి బావమరిది అని నీకే తెలిసిపోతుంది. మన గుంటూరు వైపు పల్లెటూళ్ళలో ఎలా సగం ఊరు చుట్టాలో ఇక్కడా అంతే, కాకపోతే ఎవరూ నీకు కూర్చోబెట్టి చెప్పరు.

నీ పేషెంట్లు ఎవరైనా పోతే వాళ్ళ గురించి కూడా ఆ పేజీలో వస్తుంది. నువ్వు నోరు విప్పి ఎక్కడా ఒక్క ముక్క చెప్పకూడదు, అది నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఫ్యునరల్ హోమ్‌లో విజిటేషన్, అంటే అందరూ వచ్చి ఆ కుటుంబాన్ని పలకరించేది, ఏ టైంకో పేపర్లో ఉంటుంది, డ్యూటీ అయ్యాక ఒక్క ఐదు నిమిషాలు వెళ్ళిరా. లైన్లో నిలబడి, చెయ్యి కలిపి, చాలా బాధగా ఉందండీ అని చెప్పి, అక్కడ పెట్టిన పుస్తకంలో సంతకం పెట్టి వచ్చెయ్. ఆ కుటుంబం నిన్ను జన్మలో మర్చిపోదు. వాళ్ళింటికి ఏదైనా వండి పంపడం ఇక్కడి పద్ధతి, నువ్వు పులిహోర చేసినా తింటారు, మిరపకాయలు తీసేసి పంపు చాలు. గిన్నె అడుగున మాస్కింగ్ టేప్ అంటించి దాని మీద పెన్నుతో నీ పేరు రాయి, అందరూ అలాగే చేస్తారు, ఆ హడావుడిలో వంటింటి బల్ల మీద ఒకే రకం గాజు గిన్నెలు పదిహేను ఉంటాయి.

ఈ పేజీ విలువ కాన్సాస్ వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదేమో అనిపిస్తుంది నాకు. ఎంపోరియా గెజెట్ అని ఒక పేపరుంది, విలియం అలెన్ వైట్ అనే ఆయన 1895లో కొని 1944లో పోయేదాకా నడిపాడు, 1923లో సంపాదకీయానికి పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. దేశమంతా తెలిసిన మనిషి అయినా ఎంపోరియా వదిలి వెళ్ళలేదు. 1921లో ఆయన పదహారేళ్ళ కూతురు గుర్రం మీద వెళ్తూ చెట్టు కొమ్మ తలకి తగిలి చనిపోతే, అంత దుఃఖంలో తన పేపర్లో ఆ పిల్ల గురించి తనే రాశాడు. ఎలా నవ్వేదో ఎలా అల్లరి చేసేదో రాశాడు, అది చదివితే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

తర్వాత చిన్న అక్షరాల్లో ఉండే పబ్లిక్ నోటీసులు. నీకు అన్నింటికంటే ఇవే ముఖ్యం. నీ హాస్పిటల్ చిన్నది, అలాంటివి చాలావరకు క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్స్, అంటే పల్లెటూళ్ళ కోసం ప్రభుత్వం గుర్తించిన చిన్న హాస్పిటల్స్, 25 పడకలు దాటకూడదని రూలు, చాలా చోట్ల కౌంటీ (మన జిల్లా లాంటిది) పన్ను డబ్బులు కలిస్తేనే నడుస్తాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో కౌంటీ బడ్జెట్ హియరింగ్ నోటీసులు పడతాయి, ఈ ఏడు పన్ను ఎంత వెయ్యాలనుకుంటున్నారో అందులోనే ఉంటుంది. ఫోర్ట్ స్కాట్ లాంటి ఎనిమిది వేల మంది ఊళ్ళోనే 2018 డిసెంబర్ ఆఖర్న హాస్పిటల్ మూతపడింది, కాన్పులకి కూడా వేరే ఊళ్ళకి వెళ్ళాల్సి వచ్చింది జనానికి. కాబట్టి ఆ మీటింగ్ ఏ రోజో పేపర్లో చూసుకుని ఒకసారి వెళ్ళి వెనక వరసలో కూర్చో. మాట్లాడక్కర్లేదు. కొత్త డాక్టరమ్మ వచ్చి కూర్చుంది అనేది అందరూ చూస్తారు, నీకు కూడా నీ జీతం ఎక్కడి నుంచి వస్తోందో, ఎవరు కష్టపడి కడుతున్నారో అర్థమవుతుంది. ఇల్లు కొంటే నీ పన్ను మొదటి సగం డిసెంబర్ 20కి, రెండో సగం మే 10కి కట్టాలి, అది గుర్తుపెట్టుకో.

కోర్టు వార్తల్లో స్పీడింగ్ టికెట్లు పేర్లతో సహా వేసే పేపర్లు చాలా ఉన్నాయి. హైవే మీద 65లో వస్తూ వస్తూ ఊరి మొదట్లో ఒక్కసారిగా 30కి తగ్గించాలి, అల్లుడుగారికి ఇది గట్టిగా చెప్పు. ఇంకొకళ్ళ పేరు వస్తే చదివి ఊరుకో, మర్నాడు ఎక్కడా ఎత్తొద్దు.

పేపరెందుకు పిన్నీ, ఊరి ఫేస్‌బుక్ గ్రూప్ ఉందిగా అంటావేమో. గ్రూప్‌లో కుక్క తప్పిపోయిన సంగతి తొందరగా తెలుస్తుంది, కాదనను. కానీ మీటింగ్‌లో మూడు గంటలు కూర్చుని ఎవరు ఏమన్నారో రాసుకొచ్చేవాళ్ళు, ఒక మాట వింటే అది నిజమా కాదా అని కాగితాలు తీసి చూసేవాళ్ళు ఆ పేపర్ వాళ్ళే. మారియన్ సంగతి నీకు తెలియాలి. రెండు వేల లోపు జనం ఉన్న ఊరు, మారియన్ కౌంటీ రికార్డ్ అని వీక్లీ పేపర్. ఒక రెస్టారెంట్ ఓనర్ డ్రైవింగ్ రికార్డు గురించి ఎవరో వాళ్ళకి సమాచారం పంపితే అది నిజమేనా అని రిపోర్టర్ ప్రభుత్వ వెబ్‌సైట్లో చూసింది. దాన్ని నేరంగా చూపించి 2023 ఆగస్టు 11న పోలీసులు వారంట్ పట్టుకుని పేపర్ ఆఫీసు మీద, పబ్లిషర్ ఎరిక్ మేయర్ ఇంటి మీద పడ్డారు, కంప్యూటర్లు, ఫోన్లు, సర్వర్ అన్నీ పట్టుకుపోయారు. ఆ ఇంట్లో ఆయన తల్లి జోన్ మేయర్ ఉన్నారు, 98 ఏళ్ళావిడ, పేపర్‌కి కో-ఓనర్, దశాబ్దాల పాటు అందులోనే పనిచేసిన మనిషి. నా ఇంట్లోంచి బయటికి పొండి అని పోలీసుల మీద గట్టిగా అరిచింది, ఆ వీడియో నేను చూశాను. మర్నాడే ఆవిడ పోయారు. వారం తిరగకుండా కౌంటీ అటార్నీ, అంటే ప్రభుత్వ లాయరు, వారంట్ వెనక్కి తీసుకుని వస్తువులు తిరిగి ఇప్పించాడు, కానీ అప్పటికే పేపర్ వాళ్ళు మిగిలిన పాత సామాను తోటి రాత్రంతా కూర్చుని ఆగస్టు 16, బుధవారం పేపర్‌ని బుధవారమే తెచ్చారు. లాక్కున్నారు కానీ మా నోరు మూయించలేకపోయారు అని పెద్ద అక్షరాల్లో హెడ్డింగ్. పోలీస్ చీఫ్ అక్టోబర్‌లో రాజీనామా చేశాడు. 2025 నవంబర్‌లో కౌంటీ క్షమాపణ చెప్పి 30 లక్షల డాలర్ల దాకా కట్టడానికి ఒప్పుకుంది. ఆ డబ్బు కూడా చివరికి జనం మీదే పడుతుంది, అందుకే ఊళ్ళో కొంతమందికి పేపర్ మీద కోపం కూడా ఉంటుంది. ఎవరైనా నీ ముందు పేపర్‌ని తిడితే వాదించకు, కానీ సబ్‌స్క్రిప్షన్ మాత్రం మానొద్దు. అలాంటి పేపర్ లేని ఊళ్ళో అలాంటిది జరిగితే బయట ఎవరికీ తెలీదు కూడా.

వాతావరణం గురించి అక్క ఇప్పటికే కంగారు పడుతోంది కదా, దానికి కూడా కొంచెం ఊరి జ్ఞానం కావాలి. టీవీలో టోర్నడో వార్నింగ్ కౌంటీ పేర్లతో, చిన్న చిన్న ఊళ్ళ పేర్లతో చెప్తారు. మ్యాప్ తీసి మీ కౌంటీకి నైరుతి వైపు ఏ కౌంటీలు ఉన్నాయో, ఏ ఊళ్ళు ఉన్నాయో బట్టీ పట్టు, ఎక్కువ శాతం తుఫాన్లు అటునుంచే ఈశాన్యానికి వస్తాయి. ఆ పేర్లు వినపడగానే చెప్పులు వేసుకుని, ఫోన్ ఛార్జింగ్‌లోంచి తీసి, బేస్‌మెంట్‌లోకి దిగిపోవాలి. బేస్‌మెంట్ లేని ఇల్లు అద్దెకి తీసుకోవద్దు, ఇది మాత్రం ఖచ్చితంగా చెప్తున్నా. సైరన్ టెస్ట్ ఏ వారం ఏ టైంకో క్లినిక్‌లో అడుగు, చాలా చోట్ల సోమవారం మధ్యాహ్నం మోగిస్తారు, అది వినగానే భయపడకు, వేరే టైంలో మోగితే మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా కిందకి దిగిపో. గ్రీన్స్‌బర్గ్ అనే ఊరు 2007 మే 4 రాత్రి మైలున్నర పైన వెడల్పు టోర్నడో వచ్చి దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది, 95 శాతం పోయిందంటారు. అయినా చనిపోయినవాళ్ళు పదీ పన్నెండు మందికి మించలేదంటే ముందుగా హెచ్చరిక రావడం, జనం కిందకి దిగడం వల్లే. ఆ ఊరు మళ్ళీ కట్టుకున్నారు, కరెంటు గాలిమరల నుంచి వచ్చేలా. వీలైతే ఒకసారి వెళ్ళి చూడండి ఇద్దరూ.

జూన్ మధ్యలో గోధుమ కోతలు. దక్షిణాన ఒక్లహోమా సరిహద్దు దగ్గర మొదలై ఉత్తరానికి పాకుతాయి. అప్పుడు పేపర్ మొదటి పేజీలో ఎకరానికి ఎన్ని బుషెళ్ళు, తేమ ఎంత, ధాన్యం నిల్వచేసే ఎలివేటర్ దగ్గర ట్రక్కులు ఎన్ని గంటలు లైన్లో ఉంటున్నాయి, ఇదే. ఆ రెండు మూడు వారాలు నీ అపాయింట్‌మెంట్లు సగం క్యాన్సిల్ అవుతాయి, బీపీ మందులు అయిపోయినా రారు, కాబట్టి మే నెలలోనే రీఫిల్స్ రాసిచ్చెయ్. వచ్చినవాళ్ళని పంట ఎలా ఉంది, వాన ఎంత పడింది అని అడుగు, పాయింట్లతో సహా చెప్తారు. ఎన్ని ఎకరాలున్నాయి, ఎన్ని పశువులున్నాయి అని మాత్రం ఎప్పుడూ అడక్కు, బ్యాంకులో ఎంతుందని అడిగినట్టే లెక్క. శీతాకాలం ముందు రోడ్డు పక్కన ఎర్రటి జొన్న కంకులు కనపడతాయి, మన జొన్నే, ఇక్కడ మైలో అంటారు, అమెరికాలో జొన్న ఎక్కువ పండేది కాన్సాస్‌లోనే, కానీ పశువుల మేతకి కూడా పోతుంది, చూసి నీకు అమ్మమ్మ వాళ్ళ ఊరు గుర్తొస్తుంది. ఫ్లింట్ హిల్స్ వైపు అయితే ఏప్రిల్‌లో గడ్డి భూములు కావాలనే తగలబెడతారు, రాత్రి కొండలన్నీ ఎర్రగా కనపడతాయి, ఆస్తమా పేషెంట్లకి ముందే చెప్పి పెట్టు.

అక్కకి ఇంకో భయం కూడా ఉంది, నోరు తెరిచి చెప్పదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓలేతలో ఒక బార్‌లో మన తెలుగబ్బాయి శ్రీనివాస్ కూచిభొట్లని జాతి ద్వేషంతో కాల్చి చంపిన సంగతి. మన ఇళ్ళల్లో కాన్సాస్ అనగానే అదే గుర్తొస్తుంది, అది మర్చిపోవాల్సింది కాదు, మర్చిపొమ్మని నేను చెప్పను. అదే రోజు అదే బార్‌లో ఇయాన్ గ్రిల్లట్ అనే కుర్రాడు ఆపబోయి తూటా తిన్నాడు, ఆయన కూడా అమెరికనే. నువ్వు జాగ్రత్తగా ఉండు, ఎవరైనా తేడాగా మాట్లాడితే హాస్పిటల్ వాళ్ళకి వెంటనే చెప్పు, మనసులో పెట్టుకోకు. పక్కింటి వాళ్ళ ఫోన్ నంబర్లు మొదటి వారంలోనే తీసుకో, నీవి వాళ్ళకివ్వు.

ఇంకో మాట. కొత్త డాక్టర్ వచ్చిందని పేపర్ వాళ్ళు నీ దగ్గరికి తప్పకుండా వస్తారు. సిగ్గుపడి రెండు ముక్కల్లో పంపించెయ్యకు. మీ నాన్న ఏం చేసేవాడు, నువ్వు ఎందుకు డాక్టరయ్యావు, మీ ఆయన ఏం పని, మీకు క్రికెట్ ఇష్టమా వంట ఇష్టమా, ఫోటో చీరలోనా కోటులోనా, అన్నీ ఆలోచించి చెప్పు. నీ పేరు ఎలా పలకాలో అక్షరం అక్షరం రాసిచ్చి, అది కూడా వెయ్యమను, లేకపోతే మొహమాటానికి ఎవరూ పేరు పెట్టి పిలవరు. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటకి ఇద్దరూ వెళ్ళండి, ఆట అర్థం కాకపోయినా పర్లేదు, పేపర్లో ఆ వారం పిల్లల పేర్లు చదువుకుని వెళ్తే సోమవారం క్లినిక్‌లో ఆ పిల్లాడి తల్లితో ఒక మాట మాట్లాడొచ్చు.

ఇంటి అడ్రస్ ఖాయం కాగానే నాకు వాట్సాప్ పెట్టు. మొదటి ఏడాది సబ్‌స్క్రిప్షన్ మీ బాబాయి కడతానంటున్నారు, కౌంటీ లోపల అడ్రస్ అయితే రేటు తక్కువ ఉంటుంది, కాబట్టి అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా సరిగ్గా పెట్టు.

మీ పిన్ని