వేలంలో పాడుకున్న నాణెం చెప్పినట్టు లేకపోతే డబ్బు వాపసు అడగొచ్చా?

నల్గొండ నుంచి మీరు అడిగింది ఇదీ: ఒక ఆన్‌లైన్ వేలం సైట్‌లో "ఉస్మాన్ అలీ ఖాన్ కాలం చార్మినార్ రూపాయి, అసలు వెండి" అని పెట్టిన నాణెం పాట పాడి దక్కించుకున్నారు. ఇంటికొచ్చాక తూకం వేస్తే తొమ్మిది గ్రాములే తూగింది. అమ్మినాయన "వేలంలో పాడుకున్నది వాపసు తీసుకోం, మంచి రేటింగ్ ఇస్తే సగం డబ్బు పంపిస్తా" అంటున్నాడు.

సగానికి ఒప్పుకోకండి. రేటింగ్ అసలే ఇవ్వకండి. వేలమైనా, దుకాణంలో కొనుగోలైనా, వివరాలు రాసి అమ్మినప్పుడు వస్తువు ఆ వివరాలకు సరిపోవాలని 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 15 చెబుతుంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఇంకా సూటిగా ఉన్నాయి: ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వాపసు తీసుకోనని విక్రేత అనకూడదు. "ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాం" అని రాసినా, ఆ మాట గీతలకో అరుగుదలకో పనికొస్తుంది. వెండి అని రాసి వెండి కానిది పంపడానికి పనికిరాదు.

నాది మహబూబ్‌నగర్. మా ఊరికి పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయి ఒకటి నా దగ్గర ఉండాలని ఏళ్లుగా కోరిక. చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయిలు ఆయన కాలంలోనూ, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలోనూ వచ్చాయి. తేడా చార్మినార్ ద్వారంలో ఉండే ఒక్క ఉర్దూ లిపి అక్షరంలో తెలుస్తుంది. మహబూబ్ అలీ ఖాన్‌దైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్‌దైతే ఐన్. అలాంటిదొకటి నేనూ ఆన్‌లైన్ వేలంలో పాడుకున్నాను. లిస్టింగ్‌లో శీర్షిక, వివరాలు రెండింట్లోనూ మహబూబ్ అలీ ఖాన్ పేరే ఉంది. ఫోటోలో ద్వారం మసకగా ఉంది. పార్శిల్ విప్పి చూస్తే ఐన్.

అమ్మినాయన జవాబు: "రెండూ నిజాం నాణేలే, రెండూ వెండే, మీకేం నష్టం?" నేను నకిలీ అని ఎక్కడా అనలేదు. దొంగ అనలేదు. ఆ మాటలు వాడితే వాదన మొత్తం అటు మళ్లుతుంది, నాణెం అసలుదేనని నిరూపించి ఆయన బయటపడతాడు. సైట్‌లోని మెసేజ్ పెట్టెలోనే ఇలా రాశాను: "మీ లిస్టింగ్‌లో మహబూబ్ అలీ ఖాన్ నాణెం అని ఉంది. వచ్చింది ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ద్వారంలోని అక్షరం ఫోటో జతచేశాను. నాణెం తిరిగి పంపుతాను, డెలివరీ ఖర్చుతో సహా కట్టిన మొత్తం వాపసు ఇవ్వండి." ఆయన ఫోన్ చేశాడు, వాట్సాప్‌లో మాట్లాడుకుందాం అన్నాడు, ఇంట్లో కష్టాలు చెప్పాడు. ప్రతిసారీ మర్యాదగానే "సైట్‌లో రాయండి అన్నా, అక్కడే జవాబిస్తా" అన్నాను. సైట్ వాళ్లు రేపు చూసేది అక్కడున్న సంభాషణే. ఫోన్లో ఒప్పుకున్నది వాళ్లకు కనపడదు.

అయినా సైట్ వాళ్లు మొదట "వస్తువు అసలైనదే" అని ఫిర్యాదు మూసేశారు. చాలామంది అక్కడే వదిలేస్తారు, అది నాకు బాధ కలిగిస్తుంది. ఇలాంటి ప్రతి సైట్‌కూ గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, ఉండాలి, ఆ పేరు, వివరాలు సైట్‌లోనే పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లిస్టింగ్ స్క్రీన్‌షాట్, నాణెం ఫోటో పక్కపక్కన పెట్టి ఆ ఆఫీసర్‌కు మెయిల్ పంపాను. వాపసుకు ఒప్పుకున్నారు. నాణెం ప్యాక్ చేసేటప్పుడు మొదటి నుంచి సీలు వేసేదాకా వీడియో తీసి, స్పీడ్ పోస్ట్‌లో పంపి, రసీదు సైట్‌లో పెట్టాను. డబ్బు మొత్తం తిరిగి వచ్చింది.

మీ కేసు నాకంటే బలమైనది. ఉస్మానియా రూపాయి, అంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు ఈ చార్మినార్ రూపాయి, బరువు దాదాపు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి, అంటే మన పెద్దలు కల్దార్ అనేది, 11.66 గ్రాములు. "వందేళ్లు వాడితే అరిగింది" అని ఆయన అంటాడు. అరుగుదలకు కాస్త తగ్గుతుంది, రెండు గ్రాములు తగ్గదు. అంత అరిగితే మీద చార్మినారే కనిపించదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వెండి పాళ్లు తగ్గించిన నాణేలు ఉన్నాయి, కానీ వాటికీ బరువు తగ్గించలేదు.

ఇంకో పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు, నాణేనికి ఏమీ కాదు. గ్రాములో నూరో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో ముంచండి. త్రాసు ఒక అంకె చూపిస్తుంది. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. అసలు ఉస్మానియా రూపాయికి 1.10 దగ్గర చూపించాలి, సాంద్రత పదికి కాస్త పైన రావాలి. మీది తొమ్మిది కంటే తక్కువ వస్తే అందులో చెప్పుకోదగ్గ వెండి లేనట్టే. ఇదంతా వీడియో తీయండి. అయస్కాంతం కూడా పెట్టి చూడండి, అంటుకుంటే ఇంకేం చెప్పక్కర్లేదు.

మీ నల్గొండ ప్రకాశం బజార్లో తెలిసిన అవుసులాయన ఉంటే తూకం చీటీ మీద రాయించుకోండి. గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి, చింతపండుతో తోమకండి. గీత పడిందంటే "మీరే పాడు చేశారు" అనడానికి దారి దొరుకుతుంది.

లిస్టింగ్ ఇంకా కనపడుతుంటే ఇప్పుడే పేజీ మొత్తం దాచుకోండి: శీర్షిక, వివరాలు, ఫోటోలు, అమ్మినాయన పేరు, మీ చివరి పాట. వేలం ముగిశాక మార్చేసినా, తీసేసినా మీ దగ్గర ఆధారం ఉండాలి. పార్శిల్ కవరు, దాని మీది లేబుల్ పారేయకండి. సైట్‌లో వాపసు కోరే గడువు ఎంతో చూసుకోండి, అమ్మినాయన "నాలుగు రోజులు ఆగండి" అనేది చాలాసార్లు ఆ గడువు దాటించడానికే. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో కూడా "వస్తువు వివరాలకు సరిపోలేదు" అని డిస్ప్యూట్ వేయండి, దానికీ గడువు ఉంటుంది. సైట్ బయట నేరుగా ఆయన ఖాతాకు యూపీఐలో పంపి ఉంటే సైట్ రక్షణ ఆశించలేం. పంపి, మనిషి మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఒక చిక్కు ఉంది. ఇంట్లో ఉన్న ఒకటీ అరా వస్తువు అమ్ముకునే మామూలు మనిషికి ఆ ఈ-కామర్స్ నిబంధనలు వర్తించవు. ఆయన పేజీ తెరిచి చూడండి. వారం వారం నాణేలు వేలానికి పెడుతుంటే అది వ్యాపారమే, ఆ పేజీ కూడా స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీరు తిరిగి అమ్మడానికి కొని ఉంటే వినియోగదారుల చట్టం మిమ్మల్ని వినియోగదారుగా చూడదు, అది కూడా గుర్తుంచుకోండి.

సైట్ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వాళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. చాలా కంపెనీలు ఆ దశలోనే దిగొస్తాయి. అదీ కాకపోతే నల్గొండలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినాయన ఏ రాష్ట్రంలో ఉన్నా, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. అమ్మినాయన్నీ సైట్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి.

దేవరకొండ వైపు తండాల్లో పెద్దవాళ్ల నగల్లో పాత రూపాయి బిళ్లలు చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఆ ఇష్టాన్ని వాడుకుని నకిలీలు అంటగట్టడం నాకు కోపం తెప్పిస్తుంది. అందుకే అడుగుతున్నా: డబ్బు రాకపోయినా ఆ నాణేన్ని అసలుదని ఇంకొకరికి అమ్మకండి. ఈ రాత్రికి సైట్‌లో నాలుగు వరుసల మెసేజ్ పెట్టండి, లిస్టింగ్ మాట ఒకటి, తూకం అంకె ఒకటి, ఫోటో, ఎంత వాపసు కావాలో. అంతకు మించి రాయకండి. ఆయన జవాబు వచ్చాక ఎలా స్పందించాలో అడిగితే తప్పకుండా చెబుతాను.